మా ప్లేస్కూల్లో అప్రెంటిస్‌లు: అనంతపురంలో రెండేళ్లు

మొదటి ఏడాది మేం తీసుకున్న ఇద్దరు అప్రెంటిస్‌లలో ఒకమ్మాయి దీపావళికి ఇంటికి పోయి మళ్లీ రాలేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు, మాది, ఇంకా చెప్పాలంటే నాది. రెండో ఏడాది వచ్చిన ఇద్దరిలో ఒకరు ఇప్పుడు మా దగ్గరే టీచరు. ఈ రెండేళ్ల మధ్య ఏం మారిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. ఎందుకంటే మన వైపు ప్లేస్కూళ్లు నడిపేవాళ్లు చాలామంది ఈ అప్రెంటిస్ సంగతి నన్ను అడుగుతున్నారు, అడిగినవాళ్లలో సగం మంది మొదటి మాట "తక్కువ జీతానికి మనిషి దొరుకుతుందంట కదా" అనే. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను కాబట్టి ఆ మాటకి నాకు కోపం రాదు. కానీ ఆ దారిలో పోతే ఏమవుతుందో చూశాను.

మాది అనంతపురం టౌన్‌లో పాత మిద్దె ఇంట్లో నడిచే ప్లేస్కూలు, సాయంత్రం ఆరున్నర దాకా డే కేర్ కూడా ఉంది. తొమ్మిదేళ్లయింది పెట్టి. రెండున్నరేళ్ల ప్లే గ్రూపు నుంచి యూకేజీ దాకా 72 మంది పిల్లలు. అమ్మానాన్నల్లో బ్యాంకు వాళ్లు, యూనివర్సిటీ వాళ్లు, నర్సులు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు, అన్ని రకాల వాళ్లూ ఉన్నారు. ఇళ్లల్లో తెలుగు ఎక్కువ, ఉర్దూ ఇళ్లు బాగానే ఉన్నాయి, బళ్లారి వైపు నుంచి వచ్చిన కన్నడ ఇళ్లు రెండు మూడు. స్టాఫ్ 14 మంది: ఆరుగురు టీచర్లు, నలుగురు ఆయమ్మలు, వంటామె, వ్యాన్ డ్రైవరు, లెక్కలు చూసే అమ్మాయి, వాచ్‌మన్. అప్రెంటిస్‌ల పేర్లు ఇక్కడ రాయను, వాళ్ల ఊళ్ల పేర్లతో చెప్తాను.

ఎందుకు తీసుకున్నాం

టీచర్లు నిలబడరు, అదే అసలు బాధ. బీఈడీ, డీఎడ్ చేసినవాళ్లు వస్తారు, వాళ్లు నేర్చుకుంది పెద్ద పిల్లలకి పాఠం చెప్పడం. మూడేళ్ల బిడ్డ ముందు బోర్డు మీద రాస్తూ నిలబడితే ఆ బిడ్డ లేచి కిటికీ దగ్గరికి పోతుంది, అప్పుడేం చెయ్యాలో వాళ్లకి ఎవరూ నేర్పి ఉండరు. డీఎస్సీ అన్న మాట వినపడగానే కోచింగ్‌కి పోతారు, పోవాలి కూడా, గవర్నమెంటు ఉద్యోగం ముందు మేం ఇచ్చేది ఎంత. ఇంకోపక్క మన ఇంటర్ ఒకేషనల్‌లో ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్ అని ఒక గ్రూపు ఉంది. అది చదివిన అమ్మాయిలకి పిల్లల ఎదుగుదల గురించి, ఆటల గురించి, పోషణ గురించి పుస్తకంలో ఉన్నంత తెలుసు. కానీ పాసయ్యాక నా దగ్గరికి వచ్చి పని అడిగినవాళ్లు అప్పటికే చీరల షాపులోనో మెడికల్ షాపులోనో ఒక ఏడాది చేసి ఉండేవాళ్లు. వాళ్లని మనమే తయారుచేసుకుందాం అనుకుని 2023 జూన్‌లో ఇద్దరిని తీసుకున్నాం.

రూల్స్ సంగతి త్వరగా చెప్పేస్తా. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ఫ్యాక్టరీలకే అనుకుంటారు గానీ 2014లో చేసిన సవరణతో ఆప్షనల్ ట్రేడ్ అని వచ్చింది, మన పనికి తగ్గ ట్రేడ్, అంటే నేర్పే పని, మనమే ఎంచుకుని గవర్నమెంటు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవచ్చు. స్టాఫ్ 30 మందో ఆ పైనో ఉంటే అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరి, 4 నుంచి 29 దాకా అయితే మన ఇష్టం, తీసుకుంటే మాత్రం మొత్తం స్టాఫ్‌లో 15 శాతం దాటకూడదు. అందుకని మా 14 మందికి ఇద్దరే. కాంట్రాక్టు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా పెట్టుకోవచ్చు, మేం 12 నెలలు పెట్టాం. మేం తీసుకున్నప్పుడు ఇంటర్ పాసైనవాళ్లకి 2019 రూల్స్ ప్రకారం నెలకి కనీసం 7,000 స్టైపెండ్ ఉండేది. అప్రెంటిస్‌లని ప్రోత్సహించే కేంద్ర పథకం నాప్స్ కింద అందులో 25 శాతం, 1,500 మించకుండా, కేంద్రం ఇచ్చేది, 2023 ఆగస్టు నుంచి ఆ డబ్బు నేరుగా అప్రెంటిస్ ఖాతాలోనే పడుతుంది. ఖాతాకి ఆధార్ లింకు ఉందో లేదో చేర్చుకునే రోజే చూడండి, మేం చూడక ఒకమ్మాయికి రెండు నెలలు ఆ వాటా రాలేదు, ఆ రెండు నెలలూ నేనే కట్టాను. చట్టం లెక్కలో అప్రెంటిస్ అంటే వర్కర్ కాదు, ట్రైనీ. అందుకే పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు, కానీ పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత మనదే.

వర్కర్ కాదు, ట్రైనీ అని అంత స్పష్టంగా రాసి ఉన్నా, ఆ మాటకి అర్థం ఏంటో నాకు దీపావళి దాకా ఎక్కలేదు.

మొదటి ఏడాది ఏం చేశాం

జూన్ అంటే మా దగ్గర ఏడుపుల నెల. కొత్త పిల్లలు, గేటు దగ్గర అమ్మల కళ్లల్లో నీళ్లు, ఒక ఆయమ్మకి జ్వరం, ఒక టీచరు మానేసింది. అట్లాంటి రోజుల్లో ఇద్దరు చురుకైన అమ్మాయిలు చేతికి అందితే ఏం చేస్తాం, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబెట్టాం. పొద్దున వ్యాన్‌లో పంపాం, బాత్రూముల దగ్గర పెట్టాం, స్నాక్స్ డబ్బాలు తెరవడానికి పెట్టాం, మధ్యాహ్నం పక్కలు వేయించాం. ఒక్కో రోజు టీచరు రాకపోతే ప్లే గ్రూపు మొత్తం అప్పజెప్పాం. ప్రైవేటు ప్లేస్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల కమిషన్ పెట్టిన గైడ్‌లైన్స్‌లో 20 మంది పిల్లలకి ఒక టీచరు, ఒక కేర్‌టేకర్ ఉండాలని ఉంది. ఆ లెక్క కాగితం మీద సరిపోవడానికి అప్రెంటిస్‌లని కూడా కలిపి చూపించుకున్నాను. అక్కడే పడింది దెబ్బ. లెక్కలో కలిపిన రోజు నుంచి ఆ అమ్మాయిని నేర్చుకోవడానికి అరగంట కూడా పక్కకి పంపలేం, పంపితే అక్కడ మనిషి తక్కువైపోతారు.

బుక్కరాయసముద్రం అమ్మాయి రెండు నెలలు ఏం అనలేదు. ఆగస్టులో ఒకసారి, ఆఫీసు రూములో ఫైళ్లు సర్దుతూ, "మేడం, కథ చెప్పడం ఎప్పుడు నేర్పిస్తారు?" అని అడిగింది. వచ్చే నెల అన్నాను. సెప్టెంబరులో మళ్లీ అడగలేదు. దీపావళి తర్వాత సోమవారం వాళ్ల నాన్న వచ్చారు, ఎండకి కండువా తలకి చుట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డారు, లోపలికి రమ్మన్నా రాలేదు. "ఇంటర్ చదివిచ్చినాం మేడం, ముడ్లు కడిగేదానికయితే చదువెందుకు అంటాండాది పాప" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను, ఎందుకంటే అందులో ఒక సగం ఒప్పుకోలేను. రెండున్నరేళ్ల బిడ్డని కడగడం చిన్న పని కాదు, ఈ వయసు పిల్లలతో పనిచేసేవాళ్లకి అదే మొదటి పాఠం. బట్ట మార్చేటప్పుడు, చేతులు కడిగేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు బిడ్డతో మాట్లాడే మాటలే ఆ వయసుకి చదువు. కానీ ఆ పని ఎట్లా చెయ్యాలో పక్కన నిలబడి ఎవరన్నా చెప్పి, ఎందుకో వివరిస్తే అది నేర్చుకోవడం అవుతుంది. బకెట్టు చేతికిచ్చి పొమ్మంటే చాకిరీ. మేం బకెట్టు ఇచ్చాం. రెండో అమ్మాయి ఏడాది పూర్తి చేసింది గానీ మే నెల అవగానే వెళ్లిపోయింది, పోతూ పోతూ కూడా నాతో మంచిగానే మాట్లాడింది.

2024 జూన్, మళ్లీ అదే పరీక్ష

రెండో ఏడాదికి పామిడి నుంచి ఒకమ్మాయి, కూడేరు నుంచి ఒకమ్మాయి వచ్చారు. ఈసారి ముందే మూడు నిర్ణయాలు కాగితం మీద రాసి స్టాఫ్ మీటింగులో చదివాను. అప్రెంటిస్ ఏ క్లాసు లెక్కలోనూ రాదు. మొదటి మూడు నెలలు ఏ పిల్లలతోనూ ఒంటరిగా ఉండదు. వారానికి మూడు రోజులు, పిల్లలు పడుకున్న తర్వాత ఒంటిగంటా పదిహేను నుంచి రెండింటి దాకా, మా సీనియర్ టీచరు ఆమెతో కూర్చోవాలి, ఆ టైములో నేనైనా సరే పిలవకూడదు.

చదివిన పది రోజులకే పరీక్ష వచ్చింది. ఆ జూన్‌లోనే 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద ముఖ్యమంత్రి సంతకం పెట్టారు, మా టీచర్లలో ఇద్దరు వారం తిరక్కుండా కోచింగ్‌కి పోయారు. చేతిలో ఇద్దరు అప్రెంటిస్‌లు ఉన్నారు, ఇంటర్‌లో ఇదే గ్రూపు చదివినవాళ్లు, తెలివైనవాళ్లు. ఒక క్లాసు అప్పజెప్పేస్తే తల్లిదండ్రులకి తేడా కూడా తెలియదు. ఆ రెండు రాత్రులు నాకు నిద్ర లేదు, నిజంగా టెన్షన్ పడ్డాను. చివరికి పక్క వీధిలో ఉండే రిటైర్డ్ టీచరమ్మని నాలుగు నెలలకి బతిమాలి తెచ్చుకున్నాం, అప్పటికి ఒప్పుకున్న అడ్మిషన్లలో ఎనిమిది మంది తల్లిదండ్రులకి ఫోన్ చేసి ఈ ఏడాది చేర్చుకోలేమని చెప్పాం, ఇద్దరికి కట్టిన ఫీజు వెనక్కి ఇచ్చాం. ఎనిమిది ఫీజులు అంటే మా సైజు స్కూలుకి చిన్న దెబ్బ కాదు. అయినా ఈ రెండేళ్లలో నేను తీసుకున్న నిర్ణయాల్లో దాని మీదే నాకు ఎక్కువ నమ్మకం.

స్టూలు, నోటుబుక్కు

మొదటి రెండు వారాలు పని ఏమీ చెప్పలేదు. ప్లే గ్రూపులో ఒక మూల పిల్లల స్టూలు వేసి కూర్చోబెట్టాం, రూళ్ల నోటుబుక్కు ఒకటి ఇచ్చాం. కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే రాయాలి. చెప్పడానికి సులువుగా ఉంటుంది గానీ ఇదే అన్నిటికంటే కష్టం. పామిడి అమ్మాయి మొదటి పేజీలో "ఈ రోజు పాప చాలా మొండిగా ఉంది" అని రాసింది. నేను మొండి అన్న మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, మొండితనం నీకు కంటికి ఎట్లా కనపడిందమ్మా అని అడిగాను.

"బూట్లు వేసుకోలేదు మేడం."

"ఎవరు వేసుకోమన్నారు?"

కాసేపు ఆలోచించింది. "టీచరక్క చెప్పింది, ఆయమ్మ చెప్పింది, నేను చెప్పినా... ముగ్గురం ఒకేసారి చెప్తా ఉండినాం మేడం." చెప్తూ చెప్తూనే ఆ అమ్మాయికి విషయం అర్థమైపోయింది, నేను ఇంకేం చెప్పాల్సిన పని పడలేదు.

మూడో వారం నుంచి ఆయమ్మ దగ్గర. ఇది కావాలనే పెట్టాం. మా పెద్దాయమ్మకి సంతకం తప్ప రాయడం రాదు, కానీ పిల్లల్ని ముట్టుకోవడంలో ఆమెకి తెలిసినంత నాకు తెలియదు. బాత్రూము తలుపు సగం తెరిచే ఉంటుంది, బయట నుంచి ఇంకొక పెద్ద మనిషికి కనపడాలి, అది అందరికీ ఒకటే రూలు. ఆయమ్మ బిడ్డ ముందు గొంతుక్కూర్చుని, మగ్గు పట్టుకుని, "నాయనా, కడుగుతాను, నీళ్లు సల్లగుంటాయి, సరేనా" అని ఆగుతుంది. బిడ్డ తల ఊపేదాకా చెయ్యి వెయ్యదు. కూడేరు అమ్మాయి ఎందుకట్లా ఆగుతారని అడిగితే "మనల్ని ఎవరన్నా చెప్పకుండా ముట్టుకుంటే మనకెట్లుంటాది పాపా" అంది. పిల్లల మీద లైంగిక వేధింపులని ఆపే పోక్సో చట్టం గురించి, తనకి ఇష్టం లేకుండా ఎవరైనా ముట్టుకుంటే చెప్పడం బిడ్డకి ఎట్లా అలవాటు చేయాలనే దాని గురించి నేను గంటసేపు క్లాసు తీసుకుని ఉంటా, ఆ ఒక్క మాట పక్కన నా గంట నిలవదు. ఆ తర్వాత నుంచి ఆయమ్మకి నెలకి 500 ట్రైనింగ్ అలవెన్సు అని జీతంలో విడిగా రాసి ఇస్తున్నాం. విడిగా రాయడం ముఖ్యం, ఆమె ఆ కాగితం ఇంట్లో చూపించిందంట.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి: 2020 పోక్సో రూల్స్ ప్రకారం పిల్లలతో రోజూ పనిచేసే ప్రతి స్టాఫ్‌కి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. అప్రెంటిస్ కదా, స్టాఫ్ కాదు కదా అని వదిలేయొద్దు, బిడ్డ దగ్గర ఉండే ప్రతి పెద్ద మనిషికీ అది కావాలి. ఫోన్లు పొద్దునే ఆఫీసులో పెట్టెలో పెట్టాలి, ఇది టీచర్లకీ నాకూ కూడా.

ఇంక చెనక్కాయలు. మన జిల్లాలో ఏ ఇంటికి పోయినా ఉంటాయి, స్నాక్స్ డబ్బాలో అవ్వలు వేయించిన గింజలు పోసి పంపుతారు. చిన్న పిల్లలకి గింజ గింజగా పెడితే గొంతులో కాదు, ఊపిరి గొట్టంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది, ఐదేళ్లలోపు పిల్లలకి పూర్తి గింజలు పెట్టకూడదు. మా పిల్లల్లో ఒకరి తల్లి నర్సు, ఆమె వచ్చి అప్రెంటిస్‌లిద్దరికీ దిండు మీద, బొమ్మ మీద నేర్పించింది: బిడ్డ గట్టిగా దగ్గుతూ ఉంటే దగ్గనివ్వాలి, దగ్గు రాక గొంతు మూగబోతే ముందుకి వంచి వీపు మీద రెండు భుజం ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు కొట్టాలి, రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి పైన, పక్కటెముకలకి కింద ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి, ఒకరు ఇది చేస్తుండగానే ఇంకొకరు 108కి ఫోన్. ఏడాది లోపు పసిబిడ్డకి పొట్ట నొక్కకూడదు, అది వేరే పద్ధతి. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు, ఇంకా లోపలికి పోతుంది. ఇది నెలకోసారి మళ్లీ చేయిస్తాం. అవ్వలకి గింజలు వద్దని చెప్తే బాధపడతారు, మెత్తగా దంచి బెల్లంతో ఉండలు చేసి పంపండి అంటే సంతోషంగా పంపుతారు, ఈ మాట అనే పని పామిడి అమ్మాయికి ఇచ్చాను, ఆ అమ్మాయి మాట తీరుకి ఏ అవ్వైనా వింటుంది. కాయలు ఒలవడం మాత్రం మా యూకేజీలో వేళ్లకి బలమొచ్చే పని, టీచరు పక్కనే ఉండగా ఒలుస్తారు, లెక్క పెడతారు, గింజలన్నీ వంటింటికి పోతాయి.

కొరికే పిల్లోడు

ఇది కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే ఈ రెండేళ్లలో నా కళ్లు తెరిపించింది ఇదే.

ప్లే గ్రూపులో రెండేళ్ల పది నెలల బాబు. ఇంట్లో ఉర్దూ, తెలుగు ఇంకా రాలేదు. జూలై నుంచి పక్క పిల్లల్ని కొరుకుతున్నాడు. కొరికించుకున్న పాప తల్లి ఒకామె గట్టిగానే అడిగింది, అడగడం న్యాయమే. మా సీనియర్ టీచరు పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషి, నాకు ఆమె మీద చాలా గౌరవం. ఆమె కూడా "వాడిది కొరికే స్వభావం మేడం, పెద్దయితే పోతుంది" అంది. నేనూ నమ్మాను. ఆ వయసులో మాట రాని పిల్లలు కొరకడం మామూలే, అది నిజమే కాబట్టి ఇంకా లోతుకి పోలేదు.

ఆగస్టులో పామిడి అమ్మాయికి ఒక పని ఇచ్చాం: ఎనిమిది రోజులు ఆ ఒక్క బాబునే చూడు, కొరికినా, కొరకబోయినా టైము రాయి, దానికి ముందు ఏమైందో, తర్వాత ఏమైందో రాయి. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా ముందే ఉంది. ఒక రోజుది ఇట్లా ఉంది: "10:42. చేతులు కడుక్కునే లైను. వాడి ముందు ఇద్దరు, వెనక నలుగురు. వెనక పాప భుజం వాడికి తగిలింది. వెనక్కి చూసినాడు. మళ్లీ తగిలింది. హటో అన్నాడు, మెల్లగా. ఎవరూ జరగలేదు. పాప చెయ్యి కొరికినాడు. పళ్ల గుర్తు పడింది, రక్తం లేదు. అక్క వచ్చి వాడిని లైను చివరికి పంపింది. లైను చివర మళ్లీ ఆరుగురి వెనక నిలబడినాడు."

ఎనిమిది రోజుల్లో పదకొండుసార్లు. అందులో తొమ్మిది ఆ లైనులోనే, పదిన్నరకీ పదకొండుకీ మధ్యలో. బాబు హటో, అంటే ఉర్దూలో జరుగు, అంటున్నాడని మాలో ఎవరికీ తెలియదు. అనంతపురంలో ఆ మాట అర్థం కానివాళ్లు ఎవరున్నారు, కానీ నిలబడి ఉన్న మనిషి చెవికి అది చేరలేదు, పిల్లల ఎత్తులో స్టూలు మీద కూర్చున్న అమ్మాయి చెవికి చేరింది. ఆ సాయంత్రం వాళ్లమ్మ వస్తే ఆ అమ్మాయే అడిగింది, పొద్దున బాబు ఏం తింటాడని. ఏడుంబావుకి పాలు తాగి బయల్దేరుతాడు, అంతే. అంటే మూడున్నర గంటలు ఆకలి మీద ఉన్న బిడ్డని, ఇరుకు వరండాలో, తోసుకునే లైనులో, రోజూ అదే టైముకి నిలబెడుతున్నాం. జరగమని వాడు తన భాషలో చెప్తూనే ఉన్నాడు.

లైను తీసేశాం. ఇప్పుడు నలుగురు నలుగురుగా పోతారు, మిగతావాళ్లు ఆడుకుంటూ ఉంటారు. స్నాక్స్ 10:50 నుంచి 10:10కి జరిపాం. వాడికి జరుగు అన్న మాట నేర్పాం, మిగతా పిల్లలకి హటో నేర్పాం, పిల్లలకి అది భలే ఆట అయిపోయింది. తర్వాతి రెండు వారాల్లో రెండుసార్లు కొరికాడు, దసరా సెలవుల తర్వాత అసలు లేదు.

సీనియర్ టీచరుకి ఇది మింగుడు పడలేదు. రెండు రోజులు ఆ అమ్మాయితో ముక్తసరిగా మాట్లాడింది. నేను ఆమెతో విడిగా కూర్చుని, మీకు 14 మంది పిల్లలు, ఆ అమ్మాయికి ఆ ఎనిమిది రోజులు ఒక్కడే, మీకూ ఆ స్టూలు ఇస్తే మీకూ కనపడేదే అని చెప్పాను. అది సర్దిచెప్పడానికి అన్న మాట కాదు, నిజం. లెక్కలోకి రాని మనిషి ఒకరు గదిలో ఉండడం వల్లే అది దొరికింది. ఇప్పుడు టీచర్లు కూడా నెలలో ఒక గంట ఆ స్టూలు మీద కూర్చుంటున్నారు, ఆ గంట క్లాసు నేను చూస్తాను. మెంటర్‌గా ఆమెకి నెలకి 1,500 అదనంగా ఇస్తున్నాం, ఆ డబ్బు కంటే నిద్ర టైములో ఆ ముప్పావు గంట ఎవరూ పిలవకపోవడం ఎక్కువ నచ్చిందని ఆమే చెప్పింది.

దాచిన బొప్పి

అన్నీ బాగా జరగలేదు. నవంబరులో ఒక పాప స్లైడు మెట్ల మీద జారి నుదురు కొట్టుకుంది, చిన్న బొప్పి. కూడేరు అమ్మాయి పక్కనే ఉంది, తడిబట్ట పెట్టింది, పాప ఏడుపు ఆపింది, కానీ ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం వాళ్లమ్మ చూసి అడిగేదాకా మాకు తెలియదు. తలకి దెబ్బ తగిలితే వాంతి అవుతుందా, మత్తుగా ఉంటుందా అని గంటలకొద్దీ చూసుకోవాలి, చెప్పకపోతే ఎవరు చూస్తారు? పాప బాగానే ఉంది, దేవుడి దయ. ఎందుకు చెప్పలేదమ్మా అంటే ఏడ్చేసింది, స్టైపెండ్ కట్ చేస్తారేమో అని భయపడ్డానంది. మేం ఎప్పుడూ అట్లా కట్ చేయలేదు, కానీ కట్ చేయం అని ఎప్పుడూ చెప్పలేదు కూడా. ఆ రోజు నుంచి గేటు పక్కన ఒక రిజిస్టరు పెట్టాం, చిన్న గీత పడినా రాయాలి, దెబ్బ గురించి చెప్పినవాళ్లని ఆ రోజు ఎవరూ ఒక్క మాట అనకూడదు. దాంట్లో మొదటి పేరా నేనే రాసి అందరి ముందు చదివాను, నా నిర్లక్ష్యం వల్ల పాత రోజుల్లో ఒక బాబు వేలు తలుపులో పడిన సంగతి. కాసేపు గది నిశ్శబ్దంగా అయింది, తర్వాత వంటామె కూడా ఒకటి చెప్పింది.

డబ్బు, ఫలితం

మొదటి ఏడాది కనీసం 7,000 ఇచ్చాం, రెండో ఏడాది 8,000 చేశాం, అందులో 1,500 కేంద్రం నుంచి, 6,500 మా నుంచి. మెంటర్ 1,500, ఆయమ్మ 500, పామిడి బస్సు చార్జీలు వేరే ఇచ్చాం, ఆడవాళ్లకి ఆర్టీసీ ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15 నుంచి గానీ రాలేదు కదా. మేం కొత్త టీచరుకి ఇచ్చేది 11,000. అన్నీ కలిపితే, వదులుకున్న ఎనిమిది అడ్మిషన్లు కూడా వేసుకుంటే, అప్రెంటిస్‌ని సరిగ్గా పెట్టుకోవడం ఆ ఏడాదికి చవక కాదు. డబ్బు మిగులుతుందని ఎవరైనా మొదలుపెడితే మా మొదటి ఏడాదిలాగే అవుతుంది. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో ఏమీ లేదు. మేం ఇచ్చాం, పామిడి అమ్మాయి 2025 జూన్ నుంచి ప్లే గ్రూపు టీచరు, 12,500 జీతం. వాళ్లమ్మ ఇంట్లో నైటీలు కుడుతుంది, మొదటి జీతం రోజు పిల్లలందరికీ మిగిలిన గుడ్డ ముక్కలతో చిన్న చిన్న చేతిబొమ్మలు కుట్టి పంపింది, కథల టైములో అవే వాడుతున్నాం.

కూడేరు అమ్మాయికి ఫిబ్రవరిలో పెళ్లి కుదిరింది, తొమ్మిది నెలల దగ్గర ఆగిపోయింది. బొప్పి సంగతి తర్వాత ఆ అమ్మాయే మాలో అందరికంటే జాగ్రత్త మనిషి అయింది, పోతుంటే అందరికీ బాధేసింది. కోర్సు పూర్తి కాలేదు కాబట్టి సర్టిఫికెట్ రాదు. మొన్న ఫోన్ చేసింది, ఇప్పుడు గుంతకల్లులో ఉంటోంది, అక్కడ ఒక ప్లేస్కూల్లో అడిగితే ఏదైనా కాగితం తెమ్మన్నారంట, "నేను చేసిన తొమ్మిది నెలలకి ఏమన్నా రాసిస్తారా మేడం" అని. ఏ వయసు పిల్లలతో ఎన్ని నెలలు చేసిందో, ఏ పనులు ఒంటరిగా చేయగలదో, గొంతులో ఇరుక్కుంటే చేసే ప్రథమ చికిత్స ఎన్నిసార్లు ప్రాక్టీసు చేసిందో అన్నీ ఆమె నోటుబుక్కు చూసి రాశాం, సీనియర్ టీచరు, నేను సంతకాలు పెట్టి పంపాం. ఈ ఏడాది నుంచి ప్రతి మూడు నెలలకీ అట్లాంటి కాగితం ఒకటి ఇస్తున్నాం, మధ్యలో ఆగిపోయినా అమ్మాయి వట్టి చేతులతో పోకుండా. మొదటిది సెప్టెంబరు చివర్లో కొత్త అప్రెంటిస్‌లిద్దరికీ ఇచ్చాం.